బిల్డ్‌లో లేని గంట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో కోయంబత్తూరులోని వీడియో ఆటలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. అంతకు ముందు ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్ పరీక్షకురాలిని. ఇక్కడ మేం నలుగురమే. ఆటను పరీక్షించడంతో పాటు ప్రతి శుక్రవారం ఆటగాళ్లకు డెవ్‌లాగ్ రాయడం నా పని. ఆ వారం ఏది పూర్తయింది, ఏది ఆగింది అని చెప్పే నివేదిక అది. ఆదివారం చర్చిలో సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పడం అలవాటైన నాకు అది కష్టమనిపించలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాలి, అంతే.

మా ఆటలో ఆటగాడు బాటసారి పాత్రలో జనం వదిలిపోయిన ఊళ్లు తిరుగుతాడు. ఒక ఊరికి మా సొంతూరు చిన్నమనూరులోని తెలుగు వీధిని నమూనాగా ఇచ్చాను. వీధి చివర ఖాళీ చర్చి ఉంటుంది. దగ్గరికి వెళ్తే గంట మోగాలి.

ఆటగాళ్లకు పంపే ప్రతిని బిల్డ్ అంటాం. అది తయారయ్యాక, ఆడి చూసి, ఆ తర్వాతే డెవ్‌లాగ్ రాయాలన్నది నియమం. ఒక శుక్రవారం నేను ముందే రాసి పంపేశాను. శబ్దాలు చూసే జెబరాజ్ సాయంత్రానికల్లా గంట పెట్టేస్తానన్నాడు. ఆ మాట నమ్మి "చర్చి దగ్గర ఇప్పుడు గంట వినిపిస్తుంది" అని ఒక్క వాక్యం చేర్చాను. అతను జ్వరంతో ఇంటికి వెళ్లిపోయాడు. బిల్డ్ గంట లేకుండానే వెళ్లింది.

సోమవారం చూస్తే, గంట బాగుందని ఏడుగురు రాశారు. శబ్దాల ఫోల్డర్ తెరిచాను. గంట లేదు. చర్చి దాకా ఆడి చూశాను. గాలి తప్ప ఏమీ వినబడలేదు. ఒకరి ఉత్తరంలో "మూడు దెబ్బలు, చాలాసేపు నిశ్శబ్దం, మళ్లీ మూడు" అని ఉంది. చిన్నమనూరులో సంఘస్థులెవరైనా చనిపోతే గంట అలాగే కొట్టేవారు. ఆ సంగతి నేనెక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

తేని పట్టణం నుంచి, ఆ ఏడుగురిలో ఒకరైన కమలం అనే అమ్మాయి తన ఫోన్ నంబరిచ్చి రాసింది. కరోనాలో వాళ్ల అమ్మను ఆస్పత్రి నుంచి నేరుగా సమాధికి తీసుకుపోయారట. గంట కొట్టలేదట. శుక్రవారం నుంచి రోజూ పని కాగానే ఆ గంట వినడానికి ఆటలో చర్చి ముందు కూర్చుంటోందట.

సంస్థ యజమాని రంగరాజుకు విషయం చెప్పాను.

"జెబరాజ్ వస్తానే సౌండు ఏసేద్దాం అక్కా. శుక్రవారం నుంచే ఉండాది అనుకుంటారు. ఎవురికి తెలుస్తాది?"

నాకు తెలుస్తుందన్నాను.

"ఏమక్కా, మీ బైబిల్లో ప్యాచ్ ఏసి సరిచేసేదే లేదా?"

"ఉండాది. ముందు తప్పు ఒప్పుకోవాల."

"సెరి సెరి. ఆ తేని పిల్ల ఏడిస్తే మీరే ఊరడించండి."

అతను నవ్వుతూ అన్నా, నన్ను పట్టుకున్న భయం అదే. అబద్ధ సాక్ష్యం పలకవద్దని ఆజ్ఞ. నిజం చెబితే ఆమె తల్లికి మోగిన ఒక్క గంటనూ నేనే ఆపినట్టవుతుంది. రెండు రోజులు ప్రార్థన చేసి, అందరికంటే ముందు ఆమెకే ఫోన్ చేశాను.

"కమలా, ఆ గంట లేదమ్మా. నేను తప్పుగా రాసినా."

ఆమె ఏడవలేదు.

"మరి కొట్టేది ఎవురక్కా?" అని అడిగింది.

ఆ సాయంత్రమే సవరణ ప్రకటించాను. ఐదుగురు పొరబడ్డామని రాశారు. ఒకరు బదులివ్వలేదు. కమలం మాత్రం తాను ఆడుతుండగా తీసిన రికార్డింగ్ పంపింది. నాకు గాలే వినిపించింది. జ్వరం తగ్గి వచ్చిన జెబరాజ్‌కు సంగతేమీ చెప్పకుండా వినమన్నాను. ఉత్తరాలు అతను చూడలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఒట్టి గాలే అక్కా" అన్నాడు.

కానీ వింటున్నంతసేపూ అతని వేలు బల్ల మీద మూడుసార్లు తట్టి ఆగింది. చాలాసేపయ్యాక మళ్లీ మూడుసార్లు తట్టింది.

ఆ చర్చికి గంట పెట్టవద్దని నేనే అడిగాను. రంగరాజు కారణం అడగలేదు. నేను పదవీ విరమణ చేసేదాకా అది పెట్టలేదు.

ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇదే. బిల్డ్ ఆడి చూసి, ఆ తర్వాతే రాయండి. పొరపాటున ఉన్న శబ్దాన్ని తర్వాతి బిల్డ్‌లో తీసేయవచ్చు. లేని శబ్దం ఉందని నమ్మించాక, తీసేయడానికి ఏ ఫైలూ దొరకదు.