మొద్దు గంట

నేను మార్కాపురం నుంచి గిద్దలూరు మీదుగా నంద్యాల పోయే బస్సులో కండక్టరును. ఉద్యోగంలో చేరిన కొత్తలో సాయంత్రం డ్యూటీ దిగేసరికి చిల్లర బరువుకు తోలుసంచి నా భుజాన్ని ఒకపక్కకు వంచేసేది. ఇప్పుడా సంచిలో టిఫిన్ డబ్బా పెట్టుకున్నా పడుతుంది. కంభంలో ఎక్కే ముసలవ్వలు కూడా ఫోను చూపించి టికెట్టు తీసుకుంటున్నారు. లోకం బాగుపడిందని అందరూ అంటారు, నేనూ కాదనను. కానీ అర్ధరూపాయి కోసం ప్రయాణికుడితో కంభం నుంచి గిద్దలూరు దాకా పోట్లాడిన మనిషిని నేను. నాణేలు లేకపోతే నాకు చేతులు ఊరుకోవు.

అందుకే గిద్దలూరు బస్టాండులో టీ తాగే పదినిమిషాలు ఫోనులో పాత నాణేల బొమ్మలు చూడటం అలవాటు చేసుకున్నాను. వాటిని ఆన్‌లైన్‌లో వేలం వేసే కంపెనీలున్నాయి. ఎక్కడో బొంబాయిలో కూర్చున్నవాడు నాణెం ఫోటో రెండువైపులా పెడతాడు, మనం ఇక్కడ బెంచీ మీద కూర్చుని పాట పాడొచ్చు. మొదట్లో చూడటమే గానీ కొనడం లేదు. ఒకరోజు ఒక నల్లటి సీసం నాణెం కనిపించింది. మీద ఏనుగు, తొండం పైకెత్తి నిలబడింది. శాతవాహనుల కాలానిదని కింద రాసివుంది. నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ ఏనుగు నాకు తెలుసు. నా చిన్నతనమంతా అది మా పొట్టేలు మెడలో ఊగింది.

మాది కొమరోలు దగ్గర పల్లె. నాయన గొర్రెలు కాసేవాడు. ఊరికి పడమర ఒక పాటిదిబ్బ ఉండేది. ఎప్పుడో పాతకాలంలో అక్కడ ఊరుండేదట. ఆ మట్టి సత్తువగలదని రైతులు బండ్లకెత్తుకుని పొలాల్లో చల్లుకునేవాళ్లు. తొలకరి వాన పడ్డ మర్నాడు మందను అటు తోలితే, కడిగేసిన మట్టిలో కుండపెంకులు, పూసలు, ఎప్పుడన్నా ఒకటీ అరా సీసం బిళ్లలు కనిపించేవి. అవి పాతకాలం డబ్బులని ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసి మాత్రం ఏం చేస్తారు? మేస్త్రీలు కరిగించి గోడ నిలువు చూసే తూకం గుండుకు పోసుకునేవాళ్లు, పిల్లలం బిళ్లాటకు వాడుకునేవాళ్లం.

మా మందకు ముందు నడిచే పొట్టేలుకు ఒక కంచు గంట ఉండేది. ఒక ఏడు దాని నాలుక ఊడిపోయింది. నాయన పాటిదిబ్బ మీద దొరికిన ఒక మందపాటి ఏనుగు బిళ్లకు మేకుతో బెజ్జం కొట్టి, మేకతోలు వారుతో గంటలోపల వేలాడగట్టాడు. సీసం మెత్తనిది కదా, కంచును మోగించలేదు. ఊళ్లో మిగతా మందలన్నీ గణగణమంటూ వచ్చేవి, మాది టొక్కు టొక్కుమంటూ వచ్చేది. దానికి మొద్దు గంట అని పేరు పడింది. నాయన మాటలు తక్కువ మనిషి. "మనిషి నోరిప్పడు, మంద గూడా నోరిప్పదు" అని రచ్చ దగ్గర నవ్వేవాళ్లు.

కానీ మా ఇంట్లో ఆ చప్పుడుకు ఒక పని ఉండేది. అమ్మ కూలికి పోయి చీకటి పడ్డాక వచ్చేది కాబట్టి ఇల్లంతా అక్కదే. సందు మలుపులో టొక్కుమని వినిపించగానే అక్క చేతిలో పని వదిలి, చెంబుతో నీళ్లు తెచ్చి గడపముందు బండ మీద పెట్టేది. "నాయన వచ్చినాడు" అనేది. ఇంట్లో నేను తప్ప వినేవాళ్లు లేకపోయినా ఆ మాట అనాల్సిందే. నాయన జీవాలను దొడ్లోకి తోలి, ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుని లోపలికొచ్చేవాడు. నీళ్లు లేకుండా ఆయన, ఆ మాట లేకుండా అక్క ఒక్క సాయంత్రం కూడా గడిపినట్టు నాకు గుర్తులేదు.

వానలు ఎగ్గొట్టిన ఏడు, బోరు ఖర్చుకని మంద అమ్మేశారు. కొన్నవాడు పొట్టేలుతోపాటు గంట కూడా అడిగాడు. "జీవాన్ని అమ్మినా. తాడూ గంటా అమ్మల" అన్నాడు నాయన. మావాళ్లు జీవాన్ని అమ్మితే దాని తాడు ఇవ్వరు, ఇస్తే ఇంటి కలిమి దాని వెంట పోతుందంటారు. బోరులో నీళ్లయితే పడలేదు గానీ, గంట మాత్రం వసారాలో మేకుకు మిగిలింది. ఎప్పుడో తోలువారు చివికి బిళ్ల రాలిపోయింది. నాయన పోయాక చూస్తే గంటలో నాలుక లేదు. అక్కను ఆ ఊళ్లోనే మేనమామ కొడుక్కిచ్చారు కనక, గంట ఆమె ఇంటికి చేరింది.

ఫోనులో ఏనుగును చూసినప్పటినుంచి నాకు ఒకటే కోరిక. ఆ గంట ఒక్కసారి మళ్లీ మోగాలి, అది అక్క వినాలి. ఎందుకంటే అక్కకు చెవులు పోతున్నాయి. పీలగా వచ్చే చప్పుళ్లు ఆమెకు అసలు అందవు, పక్కనే ఫోను మోగినా తెలియదు. ఆ టొక్కు టొక్కు కోసం రోజూ ఎదురుచూసినవాళ్లం ఇద్దరమే. నా జ్ఞాపకాన్ని నేను నమ్మను, అప్పటికి నేను మరీ చిన్నవాణ్ణి. ఇదీ అని చెప్పాల్సింది అక్కే. ఆ చెవులు పూర్తిగా మూతపడకముందే చెప్పాలి.

నాకు కావాల్సింది బెజ్జం ఉన్న నాణెం. కొత్తగా బెజ్జం కొట్టడానికి నాకు చేతులు రావు. రెండువేల ఏళ్లు బతికొచ్చినదానికి మేకు దించడానికి నాయనకున్న ధైర్యం నాకు లేదు. వేలంలో బెజ్జం పడ్డవి అరుదు. నాణేలు సేకరించేవాళ్లకు అవి కుంటి ఎద్దుతో సమానం, ఎవరూ ముట్టరు కాబట్టి కంపెనీవాళ్లు పెట్టరు. నెలల తరబడి వెతికాను. నా భార్య ఒకరోజు కళ్లజోడు పెట్టుకుని ఫోనులోకి తొంగిచూసింది. "ఏందిది, పాత సామాన్లోడు గూడా తీసుకోడు గదయ్యా" అంది.

చివరికి ఒకటి వచ్చింది. "ఏనుగు గుర్తు, సీసం, అంచు దెబ్బతింది, బెజ్జం ఉంది." వేలం సాయంత్రం ముగుస్తుంది, ఆ వేళకు నా బస్సు గిద్దలూరు దాటి నల్లమల ఘాట్లో ఉంటుంది, అక్కడ సిగ్నల్ ఉండదు. అందుకని గిద్దలూరులోనే, పదిహేనువందల దాకా నా తరఫున పాడమని పాట పెట్టేశాను. అప్పటికి నాదే పైపాట. బస్సు కదలబోతుంటే నాకు మనసు ఒప్పలేదు. సున్నా మీద బేరం తెంచకూడదని నాయన చెప్పేవాడు. మళ్లీ ఫోను తీసి పదిహేనువందల పదహారు అని కొట్టాను. మీ పాటను మీరే పెంచుతున్నారు, ఖాయమేనా అని అది అడిగింది. ఖాయమే అన్నాను. మా డ్రైవరు చూసి, "అన్నా, నీమీద నువ్వే పోటీకి దిగినావే" అని ఘాటంతా నవ్వుతూనే తోలాడు.

అడవి దాటి సిగ్నల్ వచ్చాక చూస్తే, ఎవరో చివర్లో పదిహేనువందల పది దాకా వచ్చి ఆగిపోయారు. నాణెం నాదైంది. సున్నా మీద ఆగినవాడికి దక్కలేదని డ్రైవరుకు చెప్పాను. అతను నవ్వడం మానేశాడు.

పార్శిల్ రాగానే సెలవు పెట్టి అక్క దగ్గరికి పోయాను. మేకతోలు వారు సంపాదించి బిళ్లను గంటలో కట్టాను. అక్కను అరుగు మీద కూర్చోబెట్టి, వినపడే చెవి దగ్గర ఊపాను.

అక్క తల అడ్డంగా ఊపింది. "ఇది కాదురా" అంది.

"సరిగ్గా విను."

మళ్లీ ఊపాను. కళ్లు మూసుకుని విన్నది. "నాయన గంట ఇట్ల మోగదు" అంది.

నాకు కోపమొచ్చింది. ఆమె మీదనా, నాణెం మీదనా, నా మీదనా తెలియలేదు. అంత వెతికి, అంత ఆశపడి తెచ్చింది ఒక్క మాటతో పోయింది. పొరుగున గొర్రెలు కాసే మామ అప్పుడే మంద తోలుకుని పోతూ అరుగు దగ్గర ఆగాడు. "గంట బాగుందే అల్లుడా, మా పొట్టేలు మెడలో ఈ పూటకు కట్టుకోనీ" అన్నాడు. తీసుకుపో మామా అని చేతిలో పెట్టేశాను. అంత నిర్లక్ష్యంగా ఇచ్చినందుకు ఆ మధ్యాహ్నమంతా లోపల కుమిలాను కూడా.

సాయంత్రం బస్సుకు టైమవుతోంది. అక్క అరుగు మీద చాటలో వేరుశనక్కాయలు ఏరుకుంటోంది. నేను చెప్పులేసుకున్నాను. సందు చివర మందల దుమ్ము లేచింది. ముందుగా ఎవరిదో మంద గణగణమంటూ మా ముందునుంచే పోయింది. అక్క తలెత్తలేదు, ఆ గంటలు ఆమెకు అందనే లేదు. దాని వెనక మలుపులో ఒక మొద్దు చప్పుడు. టొక్కు. కాస్త ఆగి మళ్లీ టొక్కు టొక్కు. పొట్టేలు అడుగు పడినప్పుడల్లా ఒకటి, మెడ విదిలిస్తే రెండు. చేత్తో ఊపితే రాని చప్పుడు అది.

అక్క వైపు చూశాను. చాట పక్కన పెట్టింది. మోకాళ్ల మీద చేతులానించి లేచింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి గడపముందు బండ మీద పెట్టింది.

"నాయన వచ్చినాడు" అంది.

మంద మా ముందునుంచి పోయింది. మామ గంట తీసిస్తానని సైగ చేశాడు, పొద్దున తీసుకుంటాలే అని చేయి ఊపాను. అక్క అక్కడే నిలబడి చెంబు వైపు చూస్తోంది. తానేం చేసిందో అప్పటికి తెలిసినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పెట్టిన నీళ్లు మా ఇంట్లో ఎప్పుడూ అట్లా మిగిలిపోలేదు. చెప్పులు విప్పి, ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుని, నేను లోపలికి పోయాను.