చుట్టల కొట్టు తవిటయ్య

చోడవరంలో వడ్డాది వెళ్ళే రోడ్డు మీద తవిటయ్య కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. చుట్టల కొట్టు అనాలి. అప్పుడు చిన్నపిల్ల కూడా చెయ్యి చూపిస్తుంది. పప్పులు, సబ్బులు, షాంపూ పొట్లాలు అన్నీ ఉన్నా ఆ కొట్టుకు పేరు తెచ్చింది మాత్రం చుట్టే. అందులోనూ ఆడవాళ్ళ చుట్ట.

ఆడవాళ్ళకు చుట్టేమిటని పట్నం వాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనివ్వండి. ఇక్కడ ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి, పెదాలు బిగించేస్తారు. ఊడ్పుల్లో వంగినా గాలికి ఆరదు, వానకు తడవదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. పక్కన నిలబడ్డ మొగుడికి కూడా పొగ కనిపించదు. ఈ చుట్ట మరీ ఎండితే నాలుక కాలుతుంది, మరీ తడైతే అంటుకోదు. తవిటయ్య ఒక్కో చుట్టనూ వేళ్ళతో నొక్కి చూసి మరీ ఇచ్చేవాడు. చెరకు కోతకు గోవాడ వైపు వెళ్ళే ఆడవాళ్ళు తెల్లారేసరికి అతని కొట్టు ముందే ఉండేవాళ్ళు.

అతని భార్య అప్పయమ్మది రోలుగుంట వైపు. అడ్డపొగ తాగుతూనే కాపురానికి వచ్చింది. వంట చేస్తున్నా, కబుర్లు చెబుతున్నా, ఆఖరికి మొగుణ్ణి తిడుతున్నా నోట్లోంచి చుట్ట తియ్యని మనిషి. కొత్త సరుకు వస్తే ముందు ఆవిడే కాల్చి చూడాలి. బాగుందని ఆవిడంటేనే తవిటయ్య అమ్మకానికి పెట్టేవాడు. మొగుడూ పెళ్ళాల మధ్య అదొక ముచ్చట. మంచి చుట్ట దొరికితే దాన్ని మొదట పెళ్ళానికే ఇచ్చే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ఆవిడ గర్వపడేది కూడా.

కిందటేడు వేసవిలో ఓ మధ్యాహ్నం అప్పయమ్మ చెంబెత్తి నీళ్ళు తాగుతుంటే, ఆ నీళ్ళు ముక్కులోంచి కారాయి. పొలమారిందనుకుని తవిటయ్య ఆవిడ నెత్తి మీద తట్టాడు. మళ్ళీ తాగింది. మళ్ళీ కారాయి.

"ఏటే ఇది? నోరు తెరు, సూద్దాం" అన్నాడు.

"ఏటీ నేదు. నొప్పేటీ నేదు" అంది.

బలవంతంగా నోరు తెరిపించి సెల్‌ఫోను లైటు వేసి చూశాడు. అంగిలి తెల్లగా పాలిపోయి ఉంది. మధ్యలో శనగగింజంత కన్నం. ఏళ్ళ తరబడి నిప్పు సెగ తగిలి మొద్దుబారిపోయిన చోటు కాబట్టి ఆవిడకు నొప్పి తెలియలేదు. తెలిసి ఉంటే ముందే ఏడ్చేది.

విశాఖపట్నంలో కాపురం ఉంటున్న కూతురు దుర్గాదేవి తల్లిని అక్కడి ఆస్పత్రిలో చూపించింది. ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. ముందు మందులిచ్చి, రేడియేషన్ కరెంటు పెట్టి, పుండు తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు.

"ఒక్కటే మాట. చుట్ట పూర్తిగా మానాలి. మానితే బతికే వీలుంది. మానకపోతే మేం ఎంత చేసినా దండగే" అన్నాడు డాక్టరు. అప్పయమ్మ బుద్ధిగా తలూపింది.

తవిటయ్య ఊరికి వస్తూనే కొట్లో ఉన్న చుట్టలన్నీ పెంటకుప్ప మీద పారబోసి, బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. సిగరెట్లు, ఖైనీ పొట్లాలు కూడా అందులోనే కలిపేశాడు. కాల్చెయ్యొచ్చు గానీ, ఆ వాసనకు ఆవిడ మనసు మళ్ళీ లాగుతుందని భయపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చిన ఆడవాళ్ళకు మతిపోయింది.

"ఒలమ్మా! సుట్టల కొట్లో సుట్టల్లేవా?" అంది అచ్చియ్యమ్మ. ఆవిడ అప్పయమ్మకు ఈడుది, ప్రాణస్నేహితురాలు.

"ఇంక అమ్మను. మీరు కూడా మానీండి. అప్పయమ్మ నోరు సూసేరు కదా!"

"దానికి రోగమొస్తే మాకేటి శిక్ష, బావా?"

అందరూ రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బాలు కిరాణా కొట్టుకు వెళ్ళారు. చుట్టతో పాటు ఉప్పూ పప్పూ కూడా అక్కడే కొనుక్కున్నారు. తవిటయ్య వాళ్ళను వెనక్కి పిలవలేదు. కొట్టు పోతే పోయింది, మనిషి దక్కితే చాలనుకున్నాడు. అప్పయమ్మ నిజంగానే దక్కుతుందనుకున్నాడు, వెర్రిబాగులవాడు.

కరెంటు పెట్టించుకుని ఇంటికి వచ్చాక అప్పయమ్మను చూడ్డానికి రోజూ మధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. తవిటయ్య ముందు కొట్లో ఉండేవాడు, వాళ్ళు వెనక గదిలో కూర్చునేవాళ్ళు. పట్నంలో రోగిని చూడ్డానికి వెళితే యాపిల్ పళ్ళు పట్టుకెళతారు. అడ్డపొగ తాగే వాళ్ళు మాత్రం ఎక్కడికి వెళ్ళినా బొడ్లో చుట్ట దోపుకుని వెళతారు, అవతల మనిషికి సగం తుంపి ఇస్తారు. ఇవ్వకపోతే మర్యాద కాదు. ఆ సంగతి తవిటయ్యకు తెలియనిది కాదు, గుర్తు రాలేదంతే. పుట్టినప్పటి నుంచీ పొగాకులో మగ్గిన ముక్కు అతనిది, కొట్టు గోడలే ఇంకా పొగాకు కంపు కొడుతున్నాయి. కొత్త వాసన ఏం తెలుస్తుంది? లోపల్నుంచి నవ్వులు వినిపిస్తే, పోనీలే, కాస్త కోలుకుంటోందని సంతోషించాడు.

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరు లైటు వేసి చూస్తూనే మొహం చిట్లించాడు. "ఈవిడ మానలేదు. కొత్తగా కాలిన మచ్చలున్నాయి."

"నేదు బాబూ! నేను అమ్మడమే మానేసేను. ఇంట్లో ఒక్క సుట్ట నేదు" అని తవిటయ్య వాదనకు దిగాడు. దుర్గాదేవి తల్లి వైపు చూసింది. అప్పయమ్మ తల దించుకుంది.

పుండు పైకి పాకిపోయింది. ఇక ఆపరేషన్ వీలుపడదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

బస్సు దిగుతూనే తవిటయ్య అచ్చియ్యమ్మ ఇంటి మీదికి వెళ్ళాడు. "దాన్ని సంపేసేవు కదే! ఎందుకిచ్చేవు?"

అచ్చియ్యమ్మ గోడకు చేరబడి ఏడ్చింది. "నోరు పీకేత్తంది, ఒక్క దమ్ము లాగితే సల్లబడతాదీ అని నా కాళ్ళట్టుకుంది బావా. ఎలా కాదనీది? దాని సేతికి ఎవుడిచ్చేడు ఇన్నేళ్ళూ? నువ్వు కాదా?"

కొట్టడానికి ఎత్తిన చెయ్యి తవిటయ్యకు దింపుకోవడం తెలియలేదు. చివరికి ఆ చేత్తోనే కండువా సర్దుకుని ఇంటికి వచ్చేశాడు.

నెల తిరక్కుండానే అప్పయమ్మ మంచానికి అతుక్కుపోయింది. గంజి కూడా గొట్టంతోనే. దుర్గాదేవి వచ్చి దగ్గరుండి చూసుకుంటోంది. ఒక మధ్యాహ్నం అప్పయమ్మ మొగుడి వైపు తిరిగి, రెండు వేళ్ళు పెదాల మీద పెట్టుకుంది.

తవిటయ్య చూడనట్టు గుమ్మం వైపు తిరిగాడు.

"ఇచ్చీ నానా" అంది దుర్గాదేవి. "ఇంకేటి మిగిలిందని దాస్తన్నావు?"

తవిటయ్య రోడ్డు దాటి బాలు కొట్టుకు వెళ్ళాడు. అక్కడ నిలబడ్డ ఆడవాళ్ళందరూ ఒకప్పుడు అతని దగ్గర కొన్నవాళ్ళే. అతనికి దారిస్తూ పక్కకు తప్పుకున్నారు. బాలు ఒక చుట్ట తీసి చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చి దాన్ని వెలిగించాడు. నిప్పు కొసను లోపలికి తిప్పి, ఆవిడ పెదాల మధ్య జాగ్రత్తగా పెట్టి పట్టుకున్నాడు. అప్పయమ్మ లాగింది. రాలేదు. అంగిట్లో కన్నం పెద్దదైపోయింది, లాగితే పొగ బదులు ముక్కులోంచి గాలే వస్తోంది. మెడ నరాలు ఉబ్బేలా మళ్ళీ లాగింది. మళ్ళీ రాలేదు.

"మెల్లగా, మెల్లగా లాగే" అంటున్నాడు తవిటయ్య, పసిపిల్లకు అన్నం పెడుతున్నట్టు.

ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. అతని చెయ్యి పక్కకు నెట్టేసింది. ముక్కుతో వచ్చిన ఆ గొంతు ఎవరిదో అన్నట్టుంది. "తీసీ. ఇంక నాకొద్దు."

ఆ తరవాత అప్పయమ్మ ఎవరినీ చుట్ట అడగలేదు. డాక్టరు చెప్పినా, మొగుడు కొట్లో చుట్టలన్నీ పారబోసినా మానలేని మనిషి, ఆ మధ్యాహ్నం మానేసింది. అమావాస్య దాకా కూడా బతకలేదు.