చెన్నమ్మవ్వ వంటింటి గోడ

తడి సున్నం వాసన తగిలితే నాకు కోపం వస్తుంది. ఇప్పుడూ వస్తోంది. నాగర్‌కర్నూల్‌లో నేను దరఖాస్తులు రాసిపెట్టే కొట్టు పక్క గదికి పొద్దుటినుంచి సున్నం వేస్తున్నారు. ఈ వాసన వెనక ఒక మహాకథ ఉంది. నాలుగు రాష్ట్రాల ప్రయాణం, నదులకు అడ్డం కట్టిన చేతులు, ఒక పసిపిల్ల చావు, నమ్మినవాడి ద్రోహం, పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు. అని ఊరించి కూర్చోబెట్టాను గాని, జరిగింది మాత్రం తెలకపల్లిలో ఒక వంటింటి గోడకు సున్నం కొట్టడం. కొట్టినవాళ్లలో నేనొకణ్ణి.

ఆ గోడ మా పక్కింటి చెన్నమ్మవ్వది. పెనిమిటితో కలిసి పదిహేడేళ్లు మేస్త్రీ వెంట వలసపోయి, ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన మనిషి. చదువు లేదు. అందుకని ప్రతి ఏడూ ఊరికి తిరిగొచ్చాక పొయ్యి పక్క గోడమీద జాజుతో, ఆ ఎర్రమట్టి రంగుతో, ఒక గుర్తు పెట్టేది. ఆనకట్ట అయితే అడ్డంగా ఒక లావుపాటి గీత, కాలువ అయితే జంట గీతలు. ఆ ఏడు పుట్టిన బిడ్డకు కింద ఒక చుక్క. పోయిన బిడ్డ చుక్కమీద ఒక కొట్టివేత. ఏటా ఇల్లంతా తనే సున్నం వేసుకుంటూ ఆ బారెడు గోడ మాత్రం వదిలేసేది. ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ముసలిదానికి చెయ్యి అందలేదేమో అనుకున్నారట. ఆ గీతలున్నది నడుమెత్తులోనే.

నేను అడిగాను. గొప్ప జిజ్ఞాసతో కాదు, డిగ్రీ రెండో ఏడు తప్పి, మా నాన్నకు కనబడకుండా కూర్చోవడానికి ఆమె వంటిల్లు అనువుగా ఉండేది. ఆమె ఎడమనుంచి మొదలుపెట్టి గుర్తుమీద వేలుపెట్టి చదివేది. ఎక్కడ నీళ్లు ఉప్పగా ఉండేవి, ఏ మేస్త్రీకి నత్తి, ఏ గుడిసెలో తేళ్లు ఎక్కువ, అన్నీ ఆ వేలికింద ఉండేవి.

“ఇదంతా పరీక్షల వస్తదా అవ్వా?” అన్నాను ఒకనాడు.

“వస్తే రాస్తవారా నువ్వు? రాసేటోనివైతే నా పొయ్యికాడ ఎందుకు కూసుంటవు.”

అలా అంటూనే వేలు ఒక జంట గీతల కింద ఆగింది. కొట్టేసిన చుక్క. “ఇది రత్నం. తొమ్మిది నెల్లు బతికింది. జరమొచ్చింది, దవాఖాన యాడుందో మాకు తెల్వదు. కాలువ గట్టు కింద పెట్టినం. పని అయినంక నీళ్లు ఇడిసిండ్రు.” పొయ్యిలో కట్టె ఎగదోసి, “ఫొటో లేదు, కాయితం లేదు. గీ చుక్కే,” అంది. నేను ఏదో జోకు వేయబోయి మానుకున్నాను. నా జీవితంలో అలా మానుకున్న మొదటి జోకు అదే.

తర్వాతి ఎండాకాలం ఆమె మనవడికి సంబంధం కుదిరింది. పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారని కబురు. ముందురోజు అవ్వ గల్లీ ఆడవాళ్లతో ఆటోలో సోమశిలకు, నదిస్నానానికి పోయింది. ఆమె కొడుకు కుర్మయ్య మామ ఈలోగా ఇల్లు తెల్లగా చేసేద్దామని నన్ను సాయం పిలిచాడు. వంటింటికి వచ్చేసరికి కుంచె పట్టుకుని ఆ గోడ ముందు నిలబడిపోయాడు.

“ఏందిరా గీ గీతలు? రేపు పిల్లనోళ్లు చూస్తే బాణామతి చేసే ఇల్లనుకుంటరు.”

“ఉండనీ మామా, అవ్వ యాదికి పెట్టుకున్నది.”

“యాదికుంటే తలకాయల ఉంటదిరా, గోడకెందుకు? కొట్టు.”

నేను కొట్టాను. ఒక్కసారి కొడితే జాజు ఎర్రగా పైకి తేలుతోందని రెండోసారి కూడా కొట్టాను. పైగా, “చేతబడి వదిలింది, ఇక లగ్గం చేసుకోవచ్చు” అని నవ్వించాను కూడా. చేతబడి చేసింది ఎవరో నాకు సాయంత్రం తెలిసింది.

అవ్వ వచ్చి, తడి కొంగు పిండుకుంటూ గోడ చూసింది. అరవలేదు. “తెల్లగైంది,” అంది. పొయ్యి ముందు కూర్చుని, ఖాళీ సున్నంమీద వేలుపెట్టి ఎడమనుంచి మొదలుపెట్టింది. మొదటిది వచ్చింది, రెండోది వచ్చింది. ఆరోదో ఏడోదో దగ్గర వేలు వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు పోయింది. “రత్నం యాడుందిరా?” అని నన్ను అడిగింది. నేను లోటాలోంచి చెంచా తీసి సున్నం గోకాను. మట్టి రాలింది, దాంతోపాటు మిగిలిన జాజు కూడా రాలింది. తెలివితక్కువతనంలో నేను ఏ పనీ సగంలో వదలను.

కుర్మయ్య మామమీద విరుచుకుపడ్డాను. “నీ చుక్క గూడ ఉండె మామా ఆ గోడమీద. నీ చెల్లెది గూడ ఉండె.”

“నాకు చెల్లె ఉండెనా?” అన్నాడాయన. యాభై దాటిన మనిషి. “నాకెవలు చెప్పిండ్రు?”

“నువ్వు అడిగినవా?”

అప్పుడు ఆయనమీద వచ్చిన కోపం నాకింకా పోలేదు, గాని ఆయనకు ఆ చుక్కల సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ కుంచె పట్టిన నామీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తేలలేదు.

నెలరోజులు ఆమె పక్కన నోటుబుక్కు పెట్టుకు కూర్చున్నాను. పదిహేడింటిలో పద్నాలుగు వచ్చాయి. పోయిన మూడింటిలో రత్నం కాలువ ఒకటి. కుర్మయ్య మామ కూడా వచ్చి గడపమీద కూర్చుని వినేవాడు, మధ్యమధ్య “ఉత్తరాన ఉండెనా ఆ కాలువ, దచ్చనాననా?” అని అడిగేవాడు. చివరికి ఆమె విసుగొచ్చి, “రాయిరా, కాలువ అని రాయి. ఏ కాలువైతే ఏంది, నీళ్లే గద పోతుండేది,” అంది. అలాగే రాశాను. వానాకాలం దాటకముందే ఆమె పోయింది.

ఇప్పుడు నా దగ్గరికి కుటుంబ ధ్రువపత్రాలకని మనుషులు వస్తారు. మూడు ఫోన్లు జేబులో పెట్టుకుని, అమ్మమ్మ పేరడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. “అందరు అవ్వా అనే పిలుస్తుండ్రి” అంటారు. వాళ్లను బయటికి పంపిస్తాను. ఇంటికిపోయి, బతికున్న ముసలివాళ్లను అడిగి, రేపు రమ్మంటాను. తిట్టుకుంటూ పోతారు. కొందరు రెండు పేజీలు నింపుకుని వస్తారు, దరఖాస్తులో ఒక్క గడి చాలన్నా వినరు. అవ్వ నాకు అప్పగించిపోయిన ఉద్యోగం అదే, జనాన్ని వెనక్కి పంపడం.

ముసలివాళ్ల మాటలు రాసుకునేవాళ్లకు ఒక మాట. పెన్సిలుతో రాయండి. పెన్ను రాత తడిస్తే అలుక్కుపోతుంది.