సదానందం గారి వాలు అక్షరాలు

శ్రీ వాసాల సదానందం, వయస్సు అరవై నాలుగు సంవత్సరాలు, కామత్‌ఘర్ నివాసి. ఆయనను నేను ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఎరుగుదును. మరమగ్గాల కార్ఖానాల గోడలపై పేర్లు రాయడం ఆయన వృత్తి.

ఆయన అక్షరాలకు తోకలు, అలంకారాలు ఉండవు. గీత మందం ఎక్కడా మారదు. గుండ్రాలన్నీ కంపాస్‌తో గీస్తారు. జీన్స్ వంటి వాలు నేత బట్టలో గీత ఎంత ఒరిగి ఉంటుందో, అక్షరాన్నీ అంతే ఒరిగిస్తారు. పరుగెత్తే టెంపోలోంచి కూడా ఆ పేరు చదువవచ్చును.

నిరుడు పక్షవాతంతో ఆయన కుడిచేయి పడిపోయింది. చేతివృత్తుల పింఛనుకై ఆ గోడల ఫొటోలతో కార్యాలయానికి వెళ్లాము. గుమాస్తా చూసి నవ్వారు.

"కాకా, ఏ తో కంప్యూటర్ కా ఫాంట్ హై!"

ఇవి కంప్యూటర్ అక్షరాలని, చేతిరాతే అయితే ఎదుట రాసి చూపమని అన్నారు. సదానందం కుడిచేతిని ఎడమచేతితో ఎత్తి బల్లపై పెట్టారు. కొంతసేపటికి దించుకున్నారు.

మెట్లు దిగుతూ నాతో అన్నారు: "మంచిగ రాసుడే తప్పైంది అన్నా. జర వంకర రాస్తే నమ్మేటోళ్లు."

అవి చేతితో గీసినవే అనడానికి సాక్ష్యంగా ప్రతి గుండ్రం నడుమ కంపాస్ ముల్లు గుచ్చిన గుంట ఉన్నది. రంగు కింద అది ఫొటోలో కనబడదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది. తక్కిన గోడలన్నీ కూలినవి. నాగావ్‌లో మిగిలిన ఒక్కదానిని వచ్చే సోమవారం కూల్చుతారు. దానిని చూడటానికి పింఛను అధికారి వస్తారన్న ఆశ సదానందానికి లేదు.

అయినను, మన తెలుగు సంఘం పెద్దలు ఆలోగా అధికారిని అక్కడికి తోడ్కొని వెళ్లి, ఆ గోడను తడిమి చూడుమని అడుగవలసినదిగా ఆయన తరఫున సవినయంగా కోరుచున్నాను.