గుర్రానికి దగ్గరి చుట్టం

ఆ రోజుల్లో మా మార్కాపురం వైపు బొమ్మ కావాలంటే కొనుక్కునేది కాదు, అడుక్కునేది. అగ్గిపెట్టె మీది పులి, బట్టల తానుకు అంటించిన ఏనుగు, ఎవరింట్లోనో గోడకు వేలాడే పాత క్యాలెండరు, అంతకు మించి బొమ్మలు మేమెరగం. అట్లాంటి కాలంలో నేను పంతుళ్ల ట్రైనింగు స్కూల్లో చేరి, ఏడాది చివర జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి తయారుచేయాల్సి వచ్చింది. దాన్ని పరీక్షాధికారి ఒప్పుకుంటేనే సర్టిఫికెట్టు. లేదంటే నాయన వెంట మెట్టచేలో గుంటక తోలడమే (ఆ పని నాకు రాదని మా ఎద్దులకు కూడా తెలుసు).

ప్రతి బొమ్మ కింద అదేమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలని మా మాస్టరు గారు నియమం పెట్టారు. పెళ్లిపందిట్లో ఎవరేమిచ్చారో పేరూ ఊరూ కలిపి గట్టిగా చెప్పే చదివింపులు తప్ప నాకు వేరే పద్ధతి తెలియదు. అందుకని గుండ్రటి అక్షరాలతో రాసుకుపోయాను: 'ఏనుగు. కొమరోలు పెద్దమ్మ గారు చదివించినది.' పుస్తకంలో పేర్లెక్కుతున్నాయని చుట్టాల్లో పొక్కింది. అంతవరకు క్యాలెండరు ముట్టనివ్వనివాళ్లు కత్తెర పట్టుకుని బయల్దేరారు. ఒక చిన్నాయన దేవుడి పటంలోంచి నెమలిని కత్తిరించి తెచ్చాడు (ఆ ఇంటి కుమారస్వామి అప్పటి నుంచి వాహనం లేకుండానే ఉన్నాడు).

చిక్కంతా త్రిపురాంతకం మేనత్తతో వచ్చింది. తన పేరెక్కడుందో చూసుకుని మొహం ముడుచుకుంది.

"ఏందిరా అల్లుడా, మీ పెద్దమ్మకేమో ఏనుగు, నాకు గాడిదా?"

"నువ్వు ఇచ్చింది గాడిదనే గదా అత్తా."

"ఇచ్చింది గాడిదనే. రాసేటప్పుడు గుర్రమని రాస్తే నీ సొమ్మేం పోయింది?"

అబద్ధం రాస్తే పరీక్ష పోతుంది, నిజం రాస్తే అత్త పోతుంది. బాగా ఆలోచించి గాడిద అన్న మాట కొట్టేసి, 'గుర్రానికి దగ్గరి చుట్టం. త్రిపురాంతకం మేనత్త గారు చదివించినది' అని రాశాను. అత్త శాంతించింది.

పరీక్షాధికారి నవ్వే మనిషి కాడు. నా పుస్తకం పేజీ పేజీ తిప్పి అక్కడ ఆగాడు. ఈ జంతువు పేరేమిటని అడిగితే గాడిదండి అన్నాను. మరి రాయలేదేం అన్నాడు. మేనత్త ఒప్పుకోలేదండి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. సర్టిఫికెట్టు పోయింది, గుంటక ఖాయమనుకున్నాను.

"ఏ బొమ్మ ఎక్కడిదంటే మిగతావాళ్లు ఒక్కరూ చెప్పలేకపోయారు. నువ్వు ఊరితో సహా రాశావు," అన్నాడు చివరికి. "ఆ గాడిదకు మాత్రం దాని పేరు దానికిచ్చెయ్యి."

ఆయన కళ్లముందే గాడిద అని రాసిచ్చి పాసయ్యాను. అత్త మా ఇంటి గడప తొక్కడానికి మూడు పండుగలు పట్టింది.

తర్వాత బడిపంతులు ఉద్యోగం వదిలి పత్రికలో చేరి, పెద్దమనుషుల ఫొటోల కింద పేర్లు రాస్తూ ముసలివాణ్నయ్యాను. వాళ్లలో అత్తలాగా గుర్రమని రాయమన్నవాళ్లే ఎక్కువ. నేనూ చాలాసార్లు దగ్గరి చుట్టం దాకా వెళ్లి ఆగిపోయాను. పక్కన నిలబడి కళ్లద్దాలు తుడుచుకుని, దాని పేరు దానికిచ్చెయ్యమనేవాడు మళ్లీ ఒక్కడూ దొరకలేదు మరి.