అత్తకు గుర్తున్న నా ఏడుపు

చెల్లెలి మొగుడి కర్మలు అయిపోయాక దాన్ని ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, మా ఇంటికి నిద్రకు తెచ్చుకున్నాను. మొగుడు పోయిన ఆడమనిషి పుట్టింట్లో ఒక రాత్రి నిద్ర చేసి వెళ్ళాలని మా వైపు ఆచారం. అమ్మా నాన్నా లేరు కాబట్టి దానికి పుట్టిల్లంటే నా ఇల్లే.

సాయంత్రం కాఫీ ఇస్తే గ్లాసు పక్కన పెట్టేసింది.

"అక్కా, ఊరికే దడ పుడతాంది. ఫోను మోగితే చాలు, ఇంకెవరో పోయినారనిపిస్తాది. బావ పోయినప్పుడు నీకూ ఇట్లే ఉన్నిందా?"

నేను పెద్దరికం వెలగబెడుతూ, "ఏడ్చినాలే గానీ, నిబ్బరంగానే ఉంటి. పిల్లోళ్ళను చూసుకోవాల గదా" అన్నాను. అబద్ధం కాదు, నాకు అలాగే గుర్తుంది.

"అయితే నాకే పిచ్చి పడతాంది. నీకు లేనిది నాకెందుకొచ్చె?" అంది చెల్లెలు. రేపు ఆ ఇంట్లో ఒంటరిగా ఏం చేసుకుంటుందోనని నాకు దిగులేసింది.

పక్కన అలసందలు ఒలుస్తున్న మా అత్త తలెత్తింది. మా ఆయన్ను కన్న తల్లి, మొహమాటం తెలియని మనిషి.

"ఏందీ, నిబ్బరమా? యాడుండె నిబ్బరం? నువ్వు స్నానానికి పోతే తలుపు గడి పెట్టుకోనీకుండా బయట నేను కూర్చుంటి గదమ్మీ! గ్యాసు బండ పేలుతాదని పొయ్యి అంటించనిస్తివా? బడికి పోయిన పిల్లోళ్ళు తిరిగి రారని గేటు పట్టుకోని నిలబడితివి."

"ఇంకా చెప్పత్తా" అంటూ చెల్లెలు ఆమె పక్కకు జరిగింది. దానికి ఊపిరి తిరిగింది. నాకు మాత్రం గేటు లేదు, గడి లేదు, ఒక్కటీ గుర్తు లేదు. ఇప్పుడు బాగున్నాను కాబట్టి అప్పుడూ బాగానే ఉన్నానని నా బుర్ర నాకే నచ్చజెప్పినట్టుంది. అంత ఏడుపే పోయిందంటే, ఆయన జ్ఞాపకాలు ఇంకెన్ని పోయాయో? అత్తకు ఈమధ్య మాట తడబడుతోంది. ఆమె కూడా పోతే నేనెంత ఏడ్చానో చెప్పేవాళ్ళే ఉండరు. నిజంగా భయమేసింది.

"నేనూ మరిచిపోతానా అక్కా?" అని అడిగింది చెల్లెలు.

అవునంటే తట్టుకోలేదు, కాదంటే బతకలేదు. "నువ్వు మరిచిపోయినా నేను చెప్తాలే. నీతో ఆళ్లగడ్డకు వస్తాండా" అన్నాను.

పొద్దున్నే బస్సెక్కాం. సొంత ఏడుపునే పోగొట్టుకున్నదాన్ని, దాని ఏడుపుకు పూచీ పడ్డాను. దారి పొడుగునా దాని ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను, ఒక్కటీ వదలకూడదని.