బ్యారన్ పక్క మిర్చిలో దిగొద్దు

చనిపోయినవాళ్లు మళ్లీ లేచేది ఆఖరి బూర మోగినప్పుడే అని నమ్మినదాన్ని నేను. మధ్యలో వచ్చి మాట్లాడతారని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేదాన్ని. పూనకం వచ్చిన ఆడవాళ్లను చూసినా పని ఎగ్గొట్టే వేషాలే అనుకునేదాన్ని.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతున్నాను, మా పాస్టరమ్మ గారు రాస్తున్నారు. జరిగింది జరిగినట్టే రాయమన్నాను.

నా భర్త యేసోబు చేలల్లో పురుగుమందు కొట్టే కూలి. వీపున ట్యాంకు, మూతికి తువాలు. మేం ఆడవాళ్లం ముఠాగా మిరపకాయల కోతకు వెళ్తాం. ఏ చేలో మందు కొట్టారో కోతవాళ్లకు తెలియాలి. తెలియక తడి ఆకుల్లో చేతులు పెడితే ఒళ్లంతా విషం పట్టేస్తుంది. అందుకని మందు కొట్టిన చేను గట్టు మీద కర్ర పాతి గుడ్డ కట్టడం మా వైపు అలవాటు. ఆ గుడ్డ గాలికి ఎగిరిపోతుంది. కోత ఆగిపోతుందని ఒక్కోసారి ఆసామే పీకేస్తాడు.

అందుకే మా బడిలో చెప్పే సలోమి టీచరు గారు ఒక పెట్టె తెచ్చి చర్చి పక్క గదిలో పెట్టారు. మేం ఫోన్లో చెప్పిన మాటలన్నీ అందులో ఉంటాయి. దానికి కంపెనీ లేదు, యజమాని లేడు. పక్క ఊళ్లవాళ్లూ తలా ఒకటి పెట్టుకున్నారు. ఎవరి పెట్టె వాళ్లదే, కానీ అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మా ఊళ్లో చెప్పిన కబురు వాగు అవతల కూడా వినబడుతుంది.

మొదట్లో అంతా అక్షరాలే. "టీచరమ్మా, ఇది సదువుకున్నోళ్ల సంతండీ. మాకు గొంతు కావాలి," అని నేనే అన్నాను. ఆమె విసుక్కోలేదు. పేర్లు తీసి బొమ్మలు పెట్టారు. రాత తీసి మాట పెట్టారు. మందు కబురు వస్తే ఎవరూ నొక్కకుండానే ఫోన్ గట్టిగా పలికేలా చేశారు.

యేసోబు రోజూ అందులో చెప్పేవాడు. ముందు ఒక దగ్గు. తర్వాత, "యేసోబుని. చెరువు కింద మిర్చిలో కొట్టాను. దిగొద్దు." అంతే. నా పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. ఊరందరికీ చెప్పేదాంట్లో పెళ్లాం పేరేంటి అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఎదురుగాలికి ఆ మందే అతన్ని పట్టింది. గుంటూరు ఆసుపత్రికి మనిషిగా తీసుకెళ్లాం, శవంగా తెచ్చుకున్నాం.

ఆ తర్వాత అతని పాత మాటలు వింటూ బతికాను. ఏ చేను గురించైతేనేం, గొంతు అతనిది. అదీ నిలవలేదు. టీచరు గారికి బదిలీ అయింది. పెట్టె అందరిదీ, దాని మీద దుమ్ము తుడవడం మాత్రం ఎవరి పనీ కాదు. వానలకు గది కారి పెట్టె పాడైపోయింది. పక్క ఊళ్ల పెట్టెల్లో కూడా మన మాటలు ఉంటాయని టీచరు గారు ఎప్పుడో చెప్పారు. వెళ్లి అడిగితే, చోటు చాలక పాతవి చెరిపేశామన్నారు. కొన్నాళ్లకు ఆ పెట్టెలూ ఆగిపోయాయి. అతని గొంతు ఇక భూమ్మీద ఎక్కడా లేదని తెలిసిన రోజు నేను రెండోసారి విధవనయ్యాను.

ఈ ఏడాది కోతల్లో వాగు అవతల, పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ పక్క చేలోకి వెళ్లాం. యేసోబు ఉన్నన్నాళ్లూ అక్కడ పొగాకే వేసేవాళ్లు. మిర్చి వేయడం ఇదే మొదలు. గట్టు మీద గుడ్డ లేదు. నా చెల్లెలు ఎస్తేరు, మిగతావాళ్లు అప్పటికే సాళ్లలో వంగి కోస్తున్నారు. నేను గట్టు మీద నిలబడి కొంగు బిగించుకుంటున్నాను.

నడుముకున్న సంచిలో ఫోన్ పలికింది. ముందు దగ్గు.

"యేసోబుని. బ్యారన్ పక్క మిర్చిలో కొట్టారు. మరియా, దిగొద్దు."

ముఠా మేస్త్రి కోటయ్య నా పక్కనే ఉన్నాడు. అతనూ విన్నాడు. మొహంలో నెత్తురు లేదు. నోరు మాత్రం ఊరుకోలేదు.

"పాతదేలే మరియమ్మా! పోయినోడి పేరు చెప్పి పని ఎగ్గొడతావా ఏంది?"

"బయటికి రండే!" అని అరిచాను. "ఎస్తేరూ, మందు కొట్టారంట! మీ బావ చెప్పాడే!"

ఎస్తేరు నడుం ఎత్తి నవ్వింది. "బావకి పరలోకంలో కూడా ఇదే డ్యూటీనా అక్కా? పాపం, సెలవు పెట్టుకోమను!"

ముఠా అంతా నవ్వి మళ్లీ వంగింది. దిగి దాని చెయ్యి పట్టుకుని లాగుదామంటే నా కాళ్లు రాలేదు. గొంతు పోయేదాకా అరుస్తూనే ఉన్నాను.

సాయంత్రానికి చేలో దిగినవాళ్లందరికీ వాంతులు. మిగతావాళ్లు మెల్లగా తేరుకున్నారు. ఎస్తేరు ప్రాణం నిలిచింది గానీ కాళ్లు పడిపోయాయి. నరాలు దెబ్బతిన్నాయి, ఇక ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. ఆసామి తెల్లవారుజామున మందు కొట్టించి, గుడ్డ కట్టనివ్వలేదని తర్వాత బయటపడింది.

ఫోన్లో వెతికించాను. ఆ మాట లేదు. టీచరు గారికి ఫోన్ చేయిస్తే, పెట్టెలన్నీ ఆగిపోయాక కబురు వచ్చే దారే లేదమ్మా అన్నారు. కోటయ్య ఇప్పుడు అసలేమీ వినలేదంటున్నాడు. మళ్లీ పెట్టె పెట్టుకుందామా అని టీచరు గారు అడిగారు. ఎవరూ ముందుకు రాలేదు. నేనూ వెళ్లలేదు.

అది దయ్యమో, దేవుడో, చెడిపోయిన యంత్రమో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెగదు. ఎస్తేరుకు ఆ సంగతులేవీ అక్కర్లేదు. మంచం మీద కూర్చుని, కదలని కాళ్లు చేతుల్తో సర్దుకుంటూ ఒక్కటే అడుగుతుంది.

"అక్కా, బావ నా పేరు చెప్పలేదా? సరిగ్గా విన్నావా?"

సరిగ్గానే విన్నాను. చెప్పలేదు.